షష్ఠినాటి మంట

సెప్టెంబరు 19

సుందరి మందుల డబ్బాలో గ్యాస్ బిళ్ళల చివరి స్ట్రిప్పు ఈరోజుతో ఖాళీ అయింది.

స్టెరాయిడ్ల వల్ల కడుపు కాలకుండా ఆమెకు రాసిన మందు. నాకెవరూ రాయలేదు. ఆమె పోయిన పన్నెండో రోజు భోజనాలయ్యాక ఛాతీలో మంటగా ఉంటే డబ్బా తెరిచి ఒకటి వేసుకున్నాను. తగ్గింది. మర్నాడు మంట లేకపోయినా వేసుకున్నాను. ఆ తర్వాత రోజూ. పొద్దున్నే ఆమె డబ్బా మూత తీయడం ఒక పనిగా ఉండేది.

మిగిలినవన్నీ నేను మింగకూడని మందులు. పారేయాలి.

కొత్త స్ట్రిప్పు కొనాలనిపించలేదు. ఆమెవి అయిపోయాయి, అంతే.

సెప్టెంబరు 21

ఫిలింనగర్ థియేటర్లో డబ్బింగు. సినిమాలో అత్తగారికి లీలాకుమారి గారి గొంతు. కూతురు పోయిన వార్త విని ఆ అత్తగారు గోడకు జారగిలబడి ఏడవాలి. డబ్బింగ్ ఇన్‌చార్జిగా నేను గాజుకివతల, ఇంజనీరు రవితేజ పక్కన కూర్చుని ఆ ఏడుపు పెదాలతో కలుస్తోందో లేదో చూడాలి.

మైకు ముందు నిలబడి ఆవిడ అంది. "సుబ్రహ్మణ్యం గారూ, ఈ సీను రవితేజ చూసుకుంటాడు లెండి. మీరు వెళ్ళి టీ తాగి రండి."

"ఫరవాలేదండీ. చెయ్యండి."

చేసింది. బాగా చేసింది. మూడోచోట పెదాలు కలవలేదని మళ్ళీ చేయించాను.

"నలభై ఏళ్ళుగా ఈ మైకులో జనాన్ని చంపి ఏడుస్తున్నా," అంది బయటకొచ్చి. "ఇంటికెళ్తే మా ఆయన, గొంతు బొంగురుపోయింది, ఎవరితో పోట్లాడొచ్చావంటాడు."

రవితేజ నవ్వాడు. నేనూ నవ్వాననుకుంటాను.

సెప్టెంబరు 23

బహుళ షష్ఠి. రెండో మాసికం.

పిల్లలు లేరు గనక కర్తను నేనే. వెంగళరావు నగర్ నుంచి అనంతపద్మనాభం గారు భోక్తల్నీ వంటాయన్నీ తీసుకుని వచ్చారు. మోతీనగర్ నుంచి భావన వచ్చింది. సుందరికి ఒక్కతే చెల్లెలు. అక్క పోయాక మా ఇంటికి రావడానికి తనకు మాసికాలే మిగిలాయి.

భోక్తలు తినేవరకు నేను తినకూడదు. పిండం పెట్టి దణ్ణం పెట్టుకుంటుండగా ఛాతీ కింద మొదలైంది. మామూలు మంట కాదు. కిందినుంచి ఎవరో విసనకర్రతో రాజేస్తున్నట్టు పైకి లేచింది.

ఆమె చివరి నెలల్లో రెండు వేళ్ళు సరిగ్గా అక్కడే పెట్టి చూపించేది. "ఇక్కడ ఎవరో కుంపటి పెట్టారండీ," అనేది.

అదే చోటు.

సెప్టెంబరు 26

మంట తగ్గక ఇవాళ బిళ్ళలు కొన్నాను. పాంటోప్రజోల్, నలభై మిల్లీగ్రాములు. పేరు చెప్తే చీటీ అడక్కుండా ఇచ్చారు.

సెప్టెంబరు 28

తగ్గింది.

అక్టోబరు 18

ముందురోజు నుంచీ ఒంటిపూట ఉండి నియమం పాటించమని అనంతపద్మనాభం గారు ఫోన్లో గుర్తుచేశారు. ఒక్కరోజేనా అనిపించింది. ఈరోజు నుంచే మొదలుపెట్టాను. కాఫీ మానేశాను. బిళ్ళ కూడా. ఆమె తిథి వచ్చేసరికి ఒంట్లో పైనుంచి వేసిన వస్తువేదీ ఉండకూడదు.

అక్టోబరు 22

మూడో మాసికం. మళ్ళీ వచ్చింది.

తెల్లవారేసరికే ఉంది. పిండప్రదానం వేళకి కళ్ళల్లో నీళ్ళు తిరిగేంత అయింది. చేతిలోంచి దర్భలు జారాయి.

భావన చూసింది. అందరూ వెళ్ళాక వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అడిగింది.

"ఏంటి బావగారూ, ఒంట్లో బాగోలేదా?"

"మీ అక్క కుంపటి," అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. ఆమెకు అర్థమైంది. అక్కడే కింద కూర్చుండిపోయింది.

"అక్క వచ్చిందంటారా?"

"నేనేమీ అనలేదు."

"పోయిన నెల కూడానా?"

"పోయిన నెల కూడా."

తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "నాకేమీ తెలియట్లేదు. ఒక్కసారి కల్లోకి కూడా రాలేదు. మీ దగ్గరికైనా వస్తోంది," అంది.

అక్టోబరు 25

బిళ్ళ మళ్ళీ మొదలుపెట్టాను. పని చేసుకోవాలి.

నవంబరు 21

నాలుగో మాసికం. వచ్చింది.

రెండో నెల, మూడో నెల, నాలుగో నెల. మిగతా రోజుల్లో ఏమీ ఉండదు. షష్ఠికే. నేను బి.ఎస్సీ. చదివినవాణ్ణి. ఒకసారైతే యాదృచ్ఛికం అంటాను. మూడుసార్లకు ఏమనాలి?

ఈసారి నియమం ఇంకా ముందునుంచి పట్టాను. మంట కూడా బలంగా వచ్చింది. నియమం ఎంత గట్టిగా పాటిస్తే అంత స్పష్టంగా వస్తుందన్నమాట.

భోజనానికి లేస్తూ అనంతపద్మనాభం గారు నా ముఖం చూసి అడిగారు, మందులేమైనా వాడుతున్నారా అని. నియమం కోసం ఆపానన్నాను.

"ఎవరు చెప్పారండీ మీకు ఆపమని?" అన్నారు ఆయన. "ఔషధం ఉపవాసానికి భంగం కాదు. శాస్త్రమే మినహాయించింది. నేనూ షుగరు బిళ్ళ వేసుకునే వచ్చాను పొద్దున. వేసుకోండి, వేసుకోండి."

సరే అన్నాను. వేసుకోలేదు.

నవంబరు 22

భావన ఫోను. హలో అనలేదు. "నిన్న మిమ్మల్ని అడక్కుండానే ఇంటికొచ్చేశాను. వచ్చిందా?"

"వచ్చింది."

"నా గురించి ఏమైనా..." అని ఆగిపోయింది. మంట మాట్లాడదని ఆమెకూ తెలుసు.

డిసెంబరు 9

మెడ నొప్పి. చీకట్లో తెర చూస్తూ ఒకే పక్కకు తిరిగి కూర్చోవడం వల్లట. నొప్పి బిళ్ళలు వాడుతున్నాను. పొద్దునొకటి, సాయంత్రమొకటి.

రవితేజ షేక్‌పేట మనిషి. ఎవరు ఏం మింగినా వాడి కంట్లో పడాల్సిందే. "సార్, ఏంది ఆ గోలీలు బుక్కుడు? పొద్దున గ్యాస్‌ది, గిప్పుడు మెడది. అన్నం జర తక్కువనే తింటుండ్రు గదా, గోలీలతోనే కడుపు నింపుతరా?"

"గ్యాస్ బిళ్ళ వేసుకుంటే నొప్పి బిళ్ళ కడుపుని ఏమీ చెయ్యదురా."

"మరి నడుమల బంద్ జేస్తుండ్రు గదా."

"నెలలో నాలుగు రోజులు."

లీలాకుమారి గారు టీ గ్లాసు పట్టుకుని వింటోంది. "నాకూ ఇచ్చారండీ అది. యాసిడ్ గొంతులోకొచ్చి గొంతు పాడవుతోందని. తిండికి అరగంట ముందు పరగడుపున వేసుకోమన్నారు. మీరేంటి, బజ్జీ తిన్నాక టీతో వేసుకుంటారు? రెండు నెలలయ్యాక ఆపించారు. అదీ ఒక్కసారి కాదు. రోజు విడిచి రోజు వేయించి, తర్వాత ఇంకా తగ్గించి, అప్పుడు మానిపించారు."

"ఎందుకట?"

"ఎవరడిగారండీ. డాక్టరు గారు చెప్పారు, చేశాను. గొంతు బాగుపడింది, మళ్ళీ మా ఆయన మీద అరుస్తున్నాను."

ఆవిడది గొంతు సంగతి. నాది వేరు.

డిసెంబరు 20

షష్ఠి. వచ్చింది. మెడ బిళ్ళ ఆపలేదు. అది పని కోసం. నియమంలోకి రాదు.

డిసెంబరు 23

బిళ్ళ వేసుకున్న రెండో రోజుకి మంట పోతుంది. ఇంతకుముందు దాన్ని హాయి అనుకునేవాణ్ణి. ఈసారి అలా లేదు. తలుపు దగ్గరికి నడిపించి నేనే పంపించేస్తున్నట్టుంది.

జనవరి 19

ఆరో మాసికం. వచ్చింది.

జనవరి 30

ఈసారి వెంటనే బిళ్ళ వేసుకోలేదు. వారం ఉంచుకున్నాను. ఆఫీసులో, ఆటోలో, ఫిలింనగర్ ఎత్తు ఎక్కుతున్నప్పుడు, అన్నిచోట్లా ఉంది. పెళ్ళైన కొత్తలో ఇద్దరం ఈ రోడ్డు మీదే స్కూటరు మీద వెళ్ళేవాళ్ళం. అప్పుడిక్కడ బండరాళ్ళే ఎక్కువ. వెనక కూర్చుని భుజం పట్టుకునేది కాదు, సీటు పట్టుకునేది. పడిపోతావే అంటే, "మీరు సరిగ్గా నడిపితే ఎందుకు పడతాను?" అనేది.

మంట ఉన్నన్ని రోజులూ ఇలాంటివి గుర్తొచ్చాయి. పోయాక రాలేదు.

ఫిబ్రవరి 18

వచ్చింది. కారం, కాఫీ మళ్ళీ మొదలుపెట్టాను. నియమంలో అవి ఉండకూడదని తెలుసు.

మార్చి 10

ఈరోజు నుంచే బిళ్ళ ఆపాను. షష్ఠి ఇరవైన.

మార్చి 14

మంట మొదలైంది. ముందే వచ్చింది.

మార్చి 17

విరేచనం నల్లగా ఉంది. తారులా.

ఏం తిన్నానో గుర్తులేదు.

మార్చి 18

నల్లగానే ఉంది. మెట్లెక్కితే ఆయాసం. భావన వస్తుంది ఎల్లుండి, ఇల్లు సర్దాలి.

మార్చి 20

ఎనిమిదోది. పిండం పెట్టాక లేవలేకపోయాను. అనంతపద్మనాభం గారు చేయిచ్చి లేపారు. భావన నా వంక చూస్తూనే ఉంది. ఆ చూపులో భయం లేదు. ఆశ ఉంది.

"ఈసారి బాగా వచ్చిందా?" అని అడిగింది.

"ఇంతకుముందెప్పుడూ ఇంతగా రాలేదు. ఈసారి పది రోజుల ముందే బిళ్ళ ఆపాను."

మార్చి 28

ఇంటికి తెచ్చారు.

ఇరవై ఒకటిన థియేటర్లో లేవబోయి పడిపోయానట. గుర్తున్నది ఒక్క గొంతే. "సార్, కండ్లు తెరువుండ్రి. ఏంది సార్ గిట్ల. సార్." గాజుకవతల ఎవరో కొత్తమ్మాయి ఇంకా డైలాగు చెప్తూనే ఉందట. మైకు ఆపడం ఎవరికీ తోచలేదు.

రవితేజ తన కార్లో జూబ్లీహిల్స్ ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. రక్తం రెండు సీసాలు ఎక్కించారు. నోట్లోంచి గొట్టం వేసి చూశారు. కడుపులో పుండు, అందులోంచి రక్తం కారుతోంది. ఆ గొట్టంతోనే రక్తం ఆగేలా చేశారు.

మూడో రోజు డాక్టరు హరిణి గారు కుర్చీ లాక్కుని కూర్చుంది. ముప్పై ఐదేళ్ళుంటాయేమో. తొందర లేని మనిషి.

"నొప్పి బిళ్ళలు రోజూ రెండు, ఇన్ని నెలలు. పుండుకు ముఖ్యమైన కారణం అదే. ఇంక అవి ముట్టుకోకండి. మెడకి వేరే చూద్దాం. మరి గ్యాస్ బిళ్ళ వాడుతున్నానన్నారు. ఎవరు రాశారు?"

"ఎవరూ రాయలేదు. నా భార్యది."

"ఆవిడ ఏం వాడుతున్నారు ఇప్పుడు?"

"పోయింది."

ఆమె క్షమించమంది. తర్వాత అడిగింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"ఆగస్టు నుంచి."

"మధ్యలో ఆపారా?"

"నెలకోసారి."

"నెలకోసారి ఎందుకు ఆపుతారు?"

మాసికాల గురించి చెప్పాను. మంట గురించి కూడా చెప్పాను. సుందరి పేరు ఎత్తలేదు. ఆ రోజుల్లోనే వస్తుందనీ, మిగతా రోజుల్లో ఉండదనీ మాత్రం చెప్పాను. ఆమె పెన్ను పక్కన పెట్టింది.

"సార్, అది మందు ఆపడం వల్ల వచ్చే మంట. కడుపులో యాసిడ్ తయారవకుండా ఈ మందు మూత పెడుతుంది. నెలల తరబడి మూత ఉంటే ఒళ్ళు ఊరుకోదు. ఇంకా ఎక్కువ తయారుచేసే ఏర్పాటు లోపల చేసుకుంటుంది. మీరు ఒక్కసారిగా ఆపితే మూత ఎగిరినట్టే. ముందుకన్నా ఎక్కువ పొంగుతుంది. కొద్ది రోజుల్లో మొదలై కొన్ని వారాలు కూడా ఉండొచ్చు. మళ్ళీ బిళ్ళ వేస్తే తగ్గుతుంది. అందుకే జనం దీన్ని వదల్లేక ఏళ్ళకేళ్ళు మింగుతారు. అవసరం లేకుండా అన్నేళ్ళు వాడితే ఎముకలకీ మంచిది కాదు, బి12 కూడా పడిపోవచ్చు. అవసరమైనంత కాలం వాడాలి, మానేటప్పుడు మెల్లగా తగ్గించుకుంటూ మానాలి."

"నాకు ముందునుంచీ ఏదైనా జబ్బు ఉండి ఉంటుందా? అందుకని వచ్చిందా?"

"జబ్బు ఉండక్కర్లేదు. ఏ బాధా లేని ఆరోగ్యవంతులకి రెండు నెలలు ఇచ్చి ఆపి చూశారు. వాళ్ళలో చాలామందికి మంట వచ్చింది."

"ఎవరికైనా వస్తుందా?"

"ఎవరికైనా రావచ్చు."

అడగకుండా ఉండాల్సింది. అడిగాను. "సరిగ్గా ఎక్కడ వస్తుందండీ అది?"

ఆమె రెండు వేళ్ళు ఛాతీ ఎముక కింద పెట్టి చూపించింది. "ఇక్కడ. అందరికీ ఇక్కడే."

తర్వాత చాలా చెప్పింది. పుండు మానేవరకు, మళ్ళీ గొట్టం వేసి చూసేవరకు, ఈసారి గ్యాస్ బిళ్ళ నిజంగానే అవసరం, ఒక్క రోజు మానొద్దంది. పొద్దున పరగడుపున, టిఫినుకు అరగంట ముందు. కడుపులో క్రిములున్నాయేమో పరీక్ష. నల్లగా వెళ్తే ఆగకుండా రమ్మంది. "ఇంకో మాట. కీళ్ళ నొప్పులకో గుండెకో రోజూ మందులు వాడేవాళ్ళకి ఈ బిళ్ళ కడుపుకి కాపలాగా ఇస్తారు. వాళ్ళు మాత్రం డాక్టర్ని అడక్కుండా అసలు ఆపకూడదు. మీరు చదువుకున్నవారు, నలుగురికీ చెప్పండి."

తలూపాను.

ఆమె వెళ్ళాక పైకి చూస్తూ పడుకున్నాను. రవితేజకు రెండు నెలలు ఇచ్చి ఆపితే రవితేజకూ సుందరి వస్తుంది.

మార్చి 30

పొద్దున బిళ్ళ. అరగంట. ఇడ్లీ.

ఏప్రిల్ 2

భావన వచ్చింది, చారు పెట్టి తెచ్చింది. పుండు అని చెప్పాను. నొప్పి బిళ్ళల వల్ల అన్నాను. మిగతాది చెప్పలేదు. ఆమె దగ్గరైనా సుందరిని ఉండనీ.

ఏప్రిల్ 19

తొమ్మిదో మాసికం. బిళ్ళ మానలేదు. అనంతపద్మనాభం గారు పొద్దున్నే ఫోన్ చేసి వేసుకున్నారా అని అడిగి మరీ బయల్దేరారు.

ఏమీ రాలేదు. పిండం పిండంలా ఉంది. దర్భలు గడ్డిపరకల్లా ఉన్నాయి. చేతిలోంచి జారలేదు. మంత్రం ఒక్క అక్షరం తప్పు పోకుండా చెప్పాను.

భావన అడిగింది. "వచ్చిందా?"

"ఊఁ."

మే 3

సుందరి ముఖం గుర్తుచేసుకోవడానికి ఫోన్లో ఫోటో చూడాల్సివచ్చింది.

మే 18

షష్ఠి. అన్నం తిన్నాను.

మే 30

కొత్త సినిమా. లీలాకుమారి గారిది ఈసారి చనిపోయే తల్లి. ఆఖరి ఊపిరి చెప్పించాలి. ఎంత చేసినా బతికున్న మనిషి ఊపిరిలాగే ఉంది.

"ఏం తక్కువైందండీ?" అంది ఆవిడ.

"పీల్చడం వినిపిస్తోంది. వదలడం ఒక్కటే ఉండాలి."

ఆవిడ నా వంక చూసింది. అలాగే చేసింది. ఒక్క టేకులో అయిపోయింది. రవితేజ ఫైలు సేవ్ చేసి, "లంచ్‌కి పోదాం సార్," అన్నాడు మెల్లగా.

జూన్ 17

పదకొండో మాసికం.

భావన పెందలాడే వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది, కళ్ళు మెరుస్తున్నాయి. నన్ను బాల్కనీలోకి పిలిచింది.

"బావగారూ, నాకూ వచ్చింది."

"ఏమిటి?"

"అక్క." రెండు వేళ్ళు ఛాతీ కింద పెట్టి చూపించింది. "ఇక్కడే కదా? నిన్నటి నుంచి. రాత్రంతా కూర్చునే ఉన్నాను. మా ఆయన హాస్పిటలుకి పదమన్నారు. నేనే వద్దన్నాను."

"ఎలా వచ్చింది?"

"మీరు చేసినట్టే చేశాను. నా కీళ్ళవాతానికి నొప్పి బిళ్ళతోపాటు ఇస్తారు కదా ఒక గ్యాస్ బిళ్ళ. ఆరేళ్ళుగా వేసుకుంటున్నాను. అది ఆపేశాను. కాఫీ మానేశాను. ఒంటిపూట ఉన్నాను." నవ్వింది. అక్క పోయాక ఆమె నవ్వడం ఇదే మొదటిసారి చూడటం. "పదకొండు నెలలకి గుర్తొచ్చానన్నమాట దీనికి. చిన్నప్పటి నుంచీ అంతే, నన్ను చివర్నే పిలిచేది."

చెప్పాలి. నోరు తెరిచాను. అనంతపద్మనాభం గారు లోపలినుంచి పిలిచారు.

ఆయన పిలవకపోయినా చెప్పేవాణ్ణి కాదు.

"బిళ్ళ మళ్ళీ వేసుకో," అన్నాను, అంతే.

"రేపటి నుంచి వేసుకుంటాలెండి. ఈ ఒక్కరోజు ఉండనివ్వండి."

జూన్ 19

ఫోన్ చేశాను. వేసుకుంటున్నానంది. సరే, ఒక్కసారికి ఏమీ కాదు.

జూలై 12

సంవత్సరీకం పదహారున. సరుకుల సంగతి మాట్లాడటానికి భావన ఫోన్ చేసింది. మాటల్లో చెప్పింది. ఈ నెల మొదట్లోనే బిళ్ళ ఆపిందట. "సంవత్సరీకం కదా. తర్వాత వస్తుందో రాదో. మీరు మార్చిలో పది రోజులు ఆపారుగా, బాగా వచ్చిందన్నారు."

"నొప్పి బిళ్ళ?"

"అది మానితే వేళ్ళు ముడుచుకోవు బావగారూ. అది వేసుకుంటున్నాను."

జూలై 13

చెప్పకపోతే ఆమెకు అక్క ఉంటుంది. కడుపు ఉండదు.

పొద్దుటి నుంచీ ఈ రెండు మాటలే.

జూలై 14

మోతీనగర్ వెళ్ళాను. వాళ్ళాయన ఆఫీసుకెళ్ళాడు. మూడో అంతస్తు, లిఫ్టు పని చెయ్యట్లేదు. తలుపు తీసి నన్ను చూసి కంగారు పడింది, ఎప్పుడూ రాను కదా.

మంచినీళ్ళు ఇచ్చింది. గ్లాసు పట్టుకున్న వేళ్ళు వాచి ఉన్నాయి.

"విరేచనం నల్లగా ఏమైనా వెళ్ళిందా?" అని అడిగాను. మరదల్ని అడగాల్సిన ప్రశ్న కాదు. ఇంకెలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"లేదే. ఏంటి బావగారూ?"

చెప్పాను. డాక్టరు చెప్పిన మాటలే, ఆ వరసలోనే. మూత గురించి. ఏ జబ్బూ లేనివాళ్ళకి ఇచ్చి ఆపినా వచ్చిన మంట గురించి. అందరికీ అక్కడే వస్తుందని. ఆమెలాంటివాళ్ళు అది అసలు ఆపకూడదని. నాకు పుండు ఎలా పడిందో, ఏ రోజుల్లో పడిందో.

ఆమె అడ్డు రాలేదు. వంటింట్లో కుక్కరు కూసింది. వెళ్ళి ఆపి వచ్చి మళ్ళీ అదే కుర్చీలో కూర్చుంది.

"అయితే అక్క రాలేదా?"

"లేదు."

"మీ దగ్గరికీ?"

"నా దగ్గరికీ."

"ఇది మీకెప్పుడు తెలిసింది?"

"మార్చిలో."

"ఏప్రిల్లో అడిగితే ఊఁ అన్నారు."

"అన్నాను."

"ఎందుకన్నారు?"

"నీ దగ్గరైనా ఉంటుందని."

ఆమె గొంతు పెంచలేదు. పెంచితే బావుండేది. "మరి ఉండనివ్వలేకపోయారా బావగారూ? చెప్పకుండా బిళ్ళ మాత్రం వేసుకోమంటే సరిపోయేదిగా."

"జూన్లో అదే అన్నాను. వేసుకుంటానన్నావు. మళ్ళీ ఆపావు."

"పుండు పడితే పడేది. నాకు పడేది."

"నాకు పడినప్పుడు అలాగే అనుకున్నాను, భావనా."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కూర్చున్నచోటే చేయి ఎత్తి రెండు వేళ్ళు ఛాతీ కింద పెట్టుకుంది. మంట అప్పటికీ ఉన్నట్టుంది. కాసేపు అలాగే పట్టుకుని, చేయి తీసేసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంక ఇది ఒట్టి మంటే కదా," అంది.

గ్లాసు కింద పెట్టాను.

"మీ డాక్టరుకి ఫోన్ చేసి ఇవాళే అడుగు. నేనుంటాను," అన్నాను. నా ముందే చేసింది. ఎన్ని రోజులు ఆపిందో చెప్పింది. ఎందుకో చెప్పలేదు. వెంటనే మొదలుపెట్టమన్నారట, రక్తపరీక్షకి రమ్మన్నారట. నేను లేచి చెప్పులేసుకుంటుంటే ఆమె తలుపు దాకా రాలేదు.

జూలై 15

ఫోన్ రాలేదు. రేపు వస్తుందో రాదో.

ఆమెకిక అక్క లేదు. నేను చెప్పేవరకు ఉంది.

జూలై 16

సంవత్సరీకం.

వచ్చింది. భర్తతో కాదు, ఒక్కతే. నాతో మాట్లాడలేదు. వంటాయనకి చింతపండు అందించింది, పీటలు వాల్చింది, భోక్తలకి కాళ్ళు కడగడానికి నీళ్ళు తెచ్చింది. సుందరి పేరూ గోత్రమూ చెప్తున్నప్పుడు గుమ్మంలో నిలబడి విన్నది. నేను చెప్పాల్సినవన్నీ చెప్పాను. ఎక్కడా ఏమీ లేదు.

భోక్తలు తిని వెళ్ళారు. అనంతపద్మనాభం గారు దక్షిణ తీసుకుని, ఇంతటితో ఏడాది పూర్తయిందనీ, ఇకనుంచి ఏడాదికొకసారే అనీ చెప్పి చెప్పులేసుకున్నారు.

ఇంట్లో ఇద్దరం మిగిలాం. అన్నం మూతపెట్టి ఉంది. భావన సంచీలోంచి స్ట్రిప్పు తీసింది.

"పొద్దున హడావిడిలో వేసుకోలేదు," అంది. రెండు రోజుల్లో నాతో అన్న మొదటి మాట. "ఇప్పుడు వేసుకోవచ్చా?"

"వేసుకో. తినడానికి అరగంట ఆగాలి."

నీళ్ళు తెచ్చిచ్చాను. మింగింది. బల్లకు అటూ ఇటూ కూర్చున్నాం. ఆకలి ఇద్దరికీ ఉంది. కింద రోడ్డు మీద ఏదో షూటింగు వ్యాను వెనక్కి తీస్తూ హారన్ కొడుతోంది. మార్చి వరకు మాసికం నాడు ఇద్దరం సుందరి కోసం ఎదురుచూసేవాళ్ళం.

అరగంట అయింది. భావన లేచి రెండు విస్తళ్ళు వేసింది. తిన్నాం.